స్కైరిమ్ మోడ్‌లో నడక శబ్దాలు: అడుగు నేల మీద పడినట్టు అనిపించట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కొండవాలు | శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మూడు నెలలుగా స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే కంప్యూటర్ ఆట కోసం ఒక సౌండ్ మోడ్ (ఆటలోని శబ్దాల్ని మార్చే చేర్పు) చేస్తున్నాను. పాత్ర నడిచినా, పరిగెత్తినా, నక్కి నక్కి వెళ్లినా, గోడ మీంచి దూకినా వచ్చే చప్పుళ్లన్నీ సొంతంగా రికార్డు చేసి పెట్టాలని ఆశ. అసలు ఆట 2011లో వచ్చింది, అప్పటినుంచి తెర మీది దృశ్యాల్ని మెరుగుపరిచే మోడ్‌లు లెక్కలేనన్ని వచ్చాయి. అడుగుల చప్పుడు మీద అంత శ్రద్ధ పెట్టినవి నాకు తక్కువే కనిపించాయి, అందుకే మొదలుపెట్టాను.

చిన్న జూమ్ రికార్డరు ఒకటి కొన్నాను. మా మేడ మీద గదిలో కడప బండలున్నాయి, వాటి మీద బూట్లు వేసుకుని అడుగులు వేసి, అడాసిటీ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అడుగునీ కోసి పెట్టుకున్నాను. రాయికి నాలుగు, మట్టికి నాలుగు, చెక్కకి నాలుగు, మంచుకి నాలుగు ఫైళ్లు. విడిగా వింటే ఒక్కొక్కటీ చాలా బాగుంది. ఆటలో పెడితే మాత్రం పాత్ర ఒకచోట నడుస్తుంటే చప్పుడు వేరే గదిలోంచి వస్తున్నట్టుంది. ఎన్‌పీసీ (ఆటే నడిపించే పాత్ర) ఎడమవైపు నడిచినా రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపిస్తోంది. పది అడుగులు వేసేసరికి మిషను కొట్టినట్టు అయిపోతోంది. మంచు కోసం పళ్లెంలో పంచదార పోసి తొక్కాను, అది పంచదారలాగే ఉంది. పైగా ఆటలో నేను కొత్తగా చేసిన బూట్లు పాత్రకి తొడిగితే అసలు చప్పుడే లేదు!

ఒక నిమిషం వీడియో, ఫైళ్లు కూడా కింద పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

ప్లగిన్‌పంతులు | శుక్రవారం, రాత్రి 11:52

ముందు తేలికైనవి రెండూ చెప్పేస్తాను, మిగతావి వినడం తెలిసినవాళ్లు చెప్తారు.

మీ ఫైళ్లన్నీ స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండు చానళ్లు. ఈ ఆటలో ఒక చోటు నుంచి రావాల్సిన శబ్దం మోనోలో, అంటే ఒకే చానల్‌లో ఉండాలి, అప్పుడే ఇంజిన్ దాన్ని ఎడమకో కుడికో, దూరానికో జరపగలదు. స్టీరియో ఇస్తే నేరుగా రెండు చెవుల్లో పోస్తుంది. అన్నిటినీ మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్‌లుగా మార్చండి. సగం సమస్య ఇక్కడే పోతుంది.

కొత్త బూట్ల సంగతి. పాత్ర పాదం నేలకి తగిలే క్షణంలో యానిమేషన్ నుంచి ఒక కబురు వెళ్తుంది, ఎడమ కాలికి ఫుట్‌లెఫ్ట్, కుడికాలికి ఫుట్‌రైట్. ఆ కబురు అందుకునేది ఫుట్‌స్టెప్ సెట్. అందులో నడక, పరుగు, స్ప్రింట్, నక్కడం, ఈత, అన్నీ వేరువేరుగా ఉంటాయి. అక్కణ్నుంచి ఇంపాక్ట్ డేటా సెట్‌కి వెళ్తుంది, కాలి కింద ఉన్నది రాయా, మట్టా, గడ్డా అని చూసి దానికి తగిన సౌండ్ డిస్క్రిప్టర్‌ని పిలుస్తుంది. ఆ డిస్క్రిప్టర్ తన జాబితాలోంచి ఒక వేవ్ ఫైలు తీసి వినిపిస్తుంది. ఈ గొలుసు మొదలయ్యేది కాళ్లకి తొడిగిన దాని ఆర్మర్ యాడాన్ (తొడిగే వస్తువు వివరాలుండే రికార్డు) దగ్గర. మీరు కొత్త యాడాన్ చేసినప్పుడు ఫుట్‌స్టెప్ సెట్ అనే గడి ఖాళీగా వదిలేశారు. క్రియేషన్ కిట్‌లో, అంటే ఈ ఆట మోడ్‌లు చేసే సాఫ్ట్‌వేర్‌లో, తెరిచి అది నింపండి, చప్పుడు వస్తుంది.

శబ్దవేది | శనివారం, ఉదయం 7:05

నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో సినిమాలకి, సీరియల్స్‌కి ఫోలీ (తెర మీది కదలికలకి తగ్గ చప్పుళ్లు చేసి రికార్డు చేయడం) చేస్తున్నాను. ఆటలు ఆడటం తక్కువే. మీ రాయి ఫైళ్లు నాలుగూ హెడ్‌ఫోన్స్‌లో పదిసార్లు విన్నాను. కొండవాలు గారూ, మీరు ఒకేచోట నిలబడి కాలు ఎత్తి నేలకేసి కొట్టారు, అవునా? నాలుగింటిలోనూ ఒక్కటే దెబ్బ ఉంది. మనిషి నడిస్తే ఒక్క దెబ్బ రాదండి. మడమ తగులుతుంది, తర్వాత పాదం ముందుకి ఒరిగి మునివేళ్ల దగ్గర రెండో చిన్న చప్పుడు వస్తుంది, మెల్లగా నడిస్తే రెంటికీ మధ్య సుమారు 100 మిల్లీసెకన్ల తేడా ఉంటుంది. ఆ తర్వాత అదే కాలు నేలని వెనక్కి తోసి లేచేటప్పుడు సన్నగా ఒక రాపిడి. మన చెవి "ఎవరో నడుస్తున్నారు" అని గుర్తుపట్టేది ఆ మూడింటి వరసతో. మీ ఫైళ్లలో మొదటిది మాత్రమే ఉంది, అదీ గట్టిగా. అందుకే తలుపు కొట్టినట్టుంది గానీ నడిచినట్టు లేదు.

ఇంకో మాట. ప్రతి ఫైలు వెనకా మీ గది వినిపిస్తోంది. ఖాళీ గది, నున్నటి గోడలు, చిన్న గంట మోగినట్టు ప్రతిధ్వని తోక ఉంది. దాన్ని అడవిలో వాడితే అడవిలో గది వినిపిస్తుంది. మీరు "వేరే గదిలోంచి వస్తున్నట్టుంది" అన్నారు చూడండి, మీ చెవి సరిగ్గానే పట్టుకుంది.

కొండవాలు | శనివారం, ఉదయం 9:40

పంతులు గారూ, మోనో చేయగానే ఎన్‌పీసీ ఎటు నడిస్తే అటు నుంచే వస్తోంది. బూట్లు కూడా మాట్లాడుతున్నాయి. చాలా థ్యాంక్స్.

శబ్దవేది గారూ, అవును, ఒకేచోట నిలబడే కొట్టాను. మైకు కదలకూడదని అలా చేశాను. నడుస్తూ రికార్డు చేస్తే ఒక అడుగు దగ్గరా ఒక అడుగు దూరమూ అయిపోతుంది కదా, దానికేం చేస్తారు?

శబ్దవేది | శనివారం, మధ్యాహ్నం 1:15

మేమూ ఉన్నచోటే నడుస్తాం. ఈ పనికి పేరు వచ్చింది యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ వల్ల. 1929 నాటికి, సినిమాకి మాట వచ్చిన కొత్తలో, ఆయన తెర మీద బొమ్మ చూస్తూ దానికి తగ్గట్టు తనే అడుగులు వేసేవాడు. ఇప్పటికీ మా పని అదే. ఉన్నచోటే ఉండి, మడమ దించి, ఒంటి బరువు ముందుకి తెచ్చి, మునివేళ్ల మీద లేచి, రెండో కాలు. తొడలు, నడుము కదలాలి. కాలు కొట్టడం కాదు, బరువు మార్చడం. మొదట్లో కుదరదు, ఒక వారం రోజూ పావుగంట చేయండి, మీకే తెలుస్తుంది.

మైకు మీటరు, మీటరున్నర దూరంలో, మోకాలి ఎత్తులో పెట్టి కాలివైపు వంచండి. మరీ దగ్గర పెడితే మడమ టక్కు తప్ప ఇంకేమీ పడదు, నేల బరువు రాదు. గది తోక పోవాలంటే చుట్టూ పరుపులు నిలబెట్టండి, దుప్పట్లు వేలాడదీయండి, నేల మాత్రం వదిలేయండి. రికార్డింగ్ లెవెల్ గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి, 24 బిట్‌లో పడితే తర్వాత పెంచుకోవచ్చు.

పరుగుని నడక ఫైళ్లతో వేగం పెంచి చేయకండి, దయచేసి. పరుగులో పాదం దాదాపు ఒక్కసారే పడుతుంది, మడమ, మునివేళ్ల చప్పుళ్లు కలిసిపోతాయి, కానీ నేలని తోసే రాపిడి పెద్దదవుతుంది. నక్కి నడిచేటప్పుడు తలకిందులు, మునివేళ్లో పాదం అంచో ముందు తాకుతుంది, మడమ చాలా ఆలస్యంగా, దాదాపు వినపడకుండా దిగుతుంది. నక్కే శబ్దం అంటే నడక శబ్దాన్ని తగ్గించడమే అనుకుంటారు చాలామంది. అది వేరే కదలిక, వేరే శబ్దం.

రేపల్లెరైలు | శనివారం, రాత్రి 8:30

శబ్దవేది గారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను మోడ్‌లు చేయను, షార్ట్ ఫిల్మ్‌లకి సౌండ్ చూస్తాను, ఇంట్లో దొరికేవాటితో పని నడిపించడం నాకు అలవాటు, అవి చెప్తాను.

గడ్డికి వరిగడ్డి వాడండి. పచ్చి గడ్డి తడిగా, చప్పగా వినిపిస్తుంది, మైకులో అసలు గడ్డిలా ఉండదు. ఎండు వరిగడ్డి పలచగా పరిచి దాని మీద ఒక పాత బెడ్‌షీట్ వేసి నడిస్తే సరిగ్గా గడ్డి. పాత ఆడియో క్యాసెట్ రీలు ఊడదీసి కుప్పపోసి తొక్కినా బాగుంటుంది, ఫోలీ వాళ్లు ఎప్పటినుంచో వాడే పద్ధతి అది. కంకర రోడ్డు పక్కన కావాల్సినంత ఉంటుంది, కానీ కడిగి ఎండబెట్టండి, దుమ్ము ఉంటే పదును పోతుంది.

తోలు బూట్ల కిరకిరకి నేను వాడేది మా తాతయ్య కిర్రు చెప్పులు. అడుగు మోపినప్పుడల్లా తోలు తోలుతో రాసుకుని వచ్చే ఆ "కిర్రు" ఏ లైబ్రరీలోనూ దొరకలేదు నాకు. వేసుకుని నడవను, చేత్తో పట్టుకుని మైకు ముందు మెల్లగా వంచుతాను. ఎంత మెల్లగా వంచితే అంత బరువైన మనిషిలా వినిపిస్తుంది. కవచం లోపలి పట్టీలకి, బెల్టులకి కూడా పనికొస్తుంది. బట్ట రాపిడికి ఖద్దరు పంచె ఒకటి, జీన్స్ ఒకటి. పట్టుచీర కూడా రికార్డు చేసుకోండి, రాజుల అంగీలకి అచ్చంగా సరిపోతుంది.

ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ ప్లగ్గు తీసేయండి. తెల్లవారుజామున మూడు, మూడున్నర మధ్య చేయండి, నాలుగు దాటితే పాలబండ్లు, గుడి మైకులు మొదలవుతాయి. రికార్డు చేశాక నాయిస్ రిడక్షన్ కొట్టి శుభ్రం చేద్దాం అనుకుంటే, ఆ సన్నటి రాపిడి కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది, మిగిలినది నీళ్లలో విన్నట్టుంటుంది. ముందే నిశ్శబ్దం సంపాదించుకోవాలి.

మంచుదారి | ఆదివారం, ఉదయం 6:10

మిన్నెసోటా నుంచి రాస్తున్నాను, ఊరు నెల్లూరు. ఇక్కడికి వచ్చేదాకా నేనూ మంచు అంటే ఒకే చప్పుడు అనుకున్నాను. కానే కాదు. చలి సుమారు మైనస్ 10 డిగ్రీల కిందికి దిగితే కాలి కింద మంచు గట్టిగా కిచకిచమంటుంది, ఎందుకంటే అంత చలిలో రేణువులు కరిగి జారవు, ఒకదానికొకటి రాసుకుని విరుగుతాయి. సున్నాకి దగ్గరగా ఉంటే కిచకిచ ఉండదు, మెత్తగా అణిగిపోయిన చప్పుడు, కాస్త తడి. రాత్రి పైన పొర గడ్డకడితే మొదట పెళుసుగా విరిగి, తర్వాత కాలు లోపలికి దిగుతుంది, అంటే ఒక అడుగులో రెండు అంకాలు. స్కైరిమ్‌లో వింటర్‌హోల్డ్ అనే చలి ప్రాంతం వైపు వెళ్తే ఉండేది మొదటి రకం. అక్కడ మెత్తటి తడి మంచు పెడితే నాలాంటివాడికి వెంటనే తెలిసిపోతుంది.

అసలు మంచు మీద రికార్డు చేసి పంపమంటే ఈ చలికాలంలో పంపుతాను. అసలుదాన్ని మించినది లేదని నా నమ్మకం.

శబ్దవేది | ఆదివారం, ఉదయం 11:00

మంచుదారి గారూ, ఆ రెండు అంకాల మాట బంగారం, నాకే తెలియదు. కానీ అసలుదే గొప్ప అన్నదానితో నేను ఏకీభవించలేను. బయట మంచులో గాలి ఉంటుంది, దూరంగా బండ్లు ఉంటాయి, మీ జాకెట్ చప్పుడు ఉంటుంది, వేళ్లు కొంకర్లు పోతుంటే ముప్పై అడుగులు ఒకే తీరులో వేయలేరు. మేం ఎప్పుడూ వాడేది కార్న్‌ఫ్లోర్. మందపాటి గుడ్డ సంచిలో పోసి, కుట్టేసి, చేత్తో నొక్కితే మీరు చెప్పిన ఆ కిచకిచే వస్తుంది. దాని మీద పెళుసు పొరకి రాళ్ల ఉప్పు. రెండూ వేరువేరుగా రికార్డు చేసి, ఉప్పుని ముందు, పిండిని కాస్త వెనక ఉంచి కలపండి. వానాకాలంలో పిండి తేమ పట్టి మూగబోతుంది, చేసేముందు ఎండలో పెట్టాలి.

మంచుదారి | ఆదివారం, రాత్రి 9:25

సరే, చేసి చూశాను. మా ఇంట్లోనే, కార్న్‌ఫ్లోర్‌తో. మా ఆవిడని కళ్లు మూసుకోమని, కిందటేడు నేను బయట రికార్డు చేసినదీ, ఇదీ వినిపించాను. పిండినే మంచు అంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక్కటి, నా బయటి రికార్డింగ్ మీరు కొలబద్దగా పెట్టుకోండి, ఏ వేగానికి ఏ తీరులో మారుతుందో దాన్ని విని పిండితో చేయండి.

ప్లగిన్‌పంతులు | ఆదివారం, రాత్రి 10:40

మిషను కొట్టినట్టుంది అన్నదాని గురించి. మీ ఫైళ్ల తరంగాలు చూశాను, పదహారింటినీ విడివిడిగా నార్మలైజ్ చేసి ఒకే ఎత్తుకి తెచ్చారు. ఏ మనిషీ అన్ని అడుగులూ ఒకే బలంతో వేయడు. ఒక వరసలో రికార్డు చేసిన అడుగులన్నిటినీ కలిపి ఒకేసారి పెంచండి, వాటి మధ్య తేడా అలాగే ఉంచండి. నేలకి నాలుగు చాలవు, ఎడమ కాలికి ఆరు, కుడికాలికి ఆరు పెట్టండి. డిస్క్రిప్టర్‌లో ఫ్రీక్వెన్సీ వేరియన్స్ (ప్రతిసారీ స్వరం ఎంత మారాలో) అని ఉంటుంది, మీరు 15 శాతం పెట్టారు. సంగీతంలో ఒక అర స్వరం అంటే దాదాపు 6 శాతం. అంటే మీ పాత్ర ఒక అడుగు ఏనుగులా, ఒక అడుగు మేకలా వేస్తోంది. 3, 4 చాలు. డెసిబెల్ వేరియన్స్ (చప్పుడు బలంలో తేడా) 2 దాకా ఇవ్వండి.

ఫైలు మొదట్లో ఖాళీ ఉంచకండి. మీ చెక్క ఫైళ్లలో 50 మిల్లీసెకన్ల నిశ్శబ్దం ఉంది. సెకనుకి 60 ఫ్రేములతో ఆడేవాడికి అది మూడు ఫ్రేముల ఆలస్యం, కాలు తగిలాక చప్పుడు వస్తుంది. మడమ తాకే చోటికే కోయండి.

ఇంకొకటి ముఖ్యం. ఇనుప బూట్ల ఫైళ్లలో మీరు కవచం గలగల కూడా కలిపేశారు. ఫుట్‌స్టెప్ సెట్ కాళ్లకి తొడిగినదాన్ని బట్టి వస్తుంది కదా. ఆటగాడు ఛాతీ కవచం తీసేసి ఇనుప బూట్లు మాత్రం వేసుకుంటే, ఒంటి మీద చొక్కా ఉన్నా గలగలమంటుంది. బూటు ఫైల్లో బూటు చప్పుడే ఉండాలి.

వేణుగాలి | సోమవారం, సాయంత్రం 6:50

ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను. నాకు కంటిచూపు చాలా తక్కువ. స్క్రీన్‌కి దగ్గరగా కూర్చుని ఆడతాను, చీకటి గుహల్లో దాదాపు ఏమీ కనిపించదు. నేను దారి తెలుసుకునేది అడుగుల చప్పుడుతోనే. రాయి మీంచి చెక్క మీదికి వచ్చానంటే వంతెన ఎక్కానని, మట్టి మీంచి నీళ్లలోకి వచ్చానంటే వాగు అంచు అని అర్థం. కాబట్టి మీరందరూ ఎంత నిజంగా చేసినా సరే, నేలకీ నేలకీ తేడా చెరిగిపోనివ్వకండి. ఒక మోడ్ వేసుకుంటే మట్టీ రాయీ ఒకేలా మెత్తగా, అందంగా వినిపించాయి, రెండు రోజుల్లో తీసేశాను.

మరో విన్నపం, నా అడుగులు ఎన్‌పీసీల అడుగుల కంటే కాస్త తగ్గించండి. నా చప్పుడు గంటలకొద్దీ నా చెవిలో ఉంటుంది. వెనక నుంచి వచ్చేవాడి అడుగు నాకు ముందు తెలియాలి.

శబ్దవేది | సోమవారం, రాత్రి 9:15

వేణుగాలి గారూ, రాసినందుకు చాలా సంతోషం. సినిమాలో మాకు బొమ్మ అన్నీ చెప్పేస్తుంది, శబ్దం దానికి తోడు మాత్రమే. మీరు చెప్పినది విన్నాక కొండవాలు గారికి ఒక సలహా: చెక్కకి అడుగున బోలుతనం ఉండాలి, మంచం పలక మీదో, చెక్కపెట్టె మీదో నడవండి, నేలకి అతికిన చెక్క మీద వద్దు. రాయికి బోలు అసలు వద్దు, పైన టక్కు ఉండాలి. మట్టిలో టక్కు వద్దు, రేణువు ఉండాలి. కళ్లు మూసుకుని రెండు ఫైళ్లు విని ఏది ఏదో ఒక్క క్షణంలో చెప్పలేకపోతే ఆ రికార్డింగ్ మళ్లీ చేయండి.

కొండవాలు | తర్వాతి ఆదివారం, రాత్రి 10:05

వారం రోజులు రోజూ మూడు గంటలకి లేచాను. అమ్మ పరుపులు మూడు, దుప్పట్లు ఐదు మేడ మీదికి చేరాయి. ఉన్నచోటే నడవడం నాలుగో రోజుకి కుదిరింది, మోకాళ్లు బాగా నొప్పెట్టాయి, కానీ ఐదో రోజు రికార్డింగ్ విన్నప్పుడు మొదటిసారి అందులో ఒక మనిషి వినిపించాడు. అది నేనే అని కూడా అనిపించలేదు.

రాయి, మట్టి, చెక్క, మంచు, నాలుగూ మళ్లీ చేశాను, కాలికి ఆరు చొప్పున. చెక్క కోసం పాత ట్రంకుపెట్టె కింద ఉండే చెక్క బల్ల వాడాను. తోలుకి కిర్రు చెప్పులు దొరకలేదు, మా నాన్న పాత బెల్టులు రెండు కలిపి వంచాను. గలగల మొత్తం తీసేశాను. పాత్ర సొంత అడుగులు 3 డెసిబెల్స్ తగ్గించాను. వేణుగాలి గారూ, మీరు ముందు విని చెప్పాకే బయట పెడతాను. ఫైలు లింకు మీకు మెసేజ్‌లో పంపాను.

గుర్రం డెక్కల చప్పుడు మాత్రం నేను చేయలేను, ఫ్రీసౌండ్ సైట్ నుంచి తీసుకోవచ్చా?

ప్లగిన్‌పంతులు | ఆదివారం, రాత్రి 10:30

తీసుకోవచ్చు, కానీ ఒక్కో ఫైలు లైసెన్సు విడిగా చూడండి. సీసీ జీరో (చేసినవారు హక్కులన్నీ వదులుకున్నది) అయితే ఇబ్బంది లేదు. ఆట్రిబ్యూషన్ అని ఉంటే చేసినవారి పేరు మోడ్ పేజీలో రాయాలి. ఇంకో ఆటలోంచి తీసిన శబ్దం ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

రేపల్లెరైలు | ఆదివారం, రాత్రి 10:48

డెక్కలకి కొబ్బరిచిప్పలు రెండు చాలు కొండవాలు గారూ, అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, మట్టి పోసిన పళ్లెంలో కొట్టండి. కిర్రు చెప్పులు నేను కొరియర్‌లో పంపుతాను, అడ్రస్ పెట్టండి, పని అయ్యాక జాగ్రత్తగా తిరిగి పంపాలి.

వేణుగాలి | సోమవారం, రాత్రి 11:35

విన్నాను, మూడు గంటలు ఆడాను. ఆటలోని రివర్‌వుడ్ ఊరి వంతెన ఎక్కిన మొదటి అడుగుకే తెలిసిపోయింది. మంచు మీద నడుస్తుంటే చలి వేసింది నిజంగా. ఒక్క లోటు, ఎత్తు నుంచి దూకితే ఏ నేల మీదైనా ఒకే చప్పుడు వస్తోంది.

కొండవాలు | సోమవారం, రాత్రి 11:50

అవునండీ, దూకే చప్పుడు ఇంకా పాతదే ఉంది, మర్చిపోయాను. రేపు మూడింటికి బల్ల మీంచి దూకి రికార్డు చేస్తాను, కింద వాటా వాళ్లకి ముందే చెప్పి ఉంచాలి.